పై పోర్షను

"మూడో అంతస్తా అండి?"

"మూడేనండి."

"ఫోనులో రెండన్నారు."

"కింద కార్లు పెట్టుకునేది ఉంది కదండీ. దాన్ని కలపలేదు."

"మీరు కలపకపోయినా నా కాళ్ళు కలుపుకుంటాయండి," అని ఆ అమ్మాయి చేతిలోని ఐసుపెట్టెను మొదటి మెట్టు మీద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని పైకి చూసింది.

రోహిణీ కార్తె. పవర్‌పేటలో మిట్టమధ్యాహ్నం. వీధికుక్కలు కూడా గోడవార నీడకు చేరి, ఎవరొచ్చినా తల ఎత్తే ఓపిక లేక పడుకున్నాయి. ఇంత ఎండలో ఇల్లు చూడటానికి ఎవరైనా వచ్చారంటే వాళ్ళకు ఆ ఇల్లు నిజంగా అవసరమని జయకృష్ణకు తెలుసు. చూపించడానికి వచ్చినవాడి సంగతీ అంతేనని వాళ్ళకూ తెలిసే ఉంటుంది.

జయకృష్ణ వయసు ముప్పై ఒకటి. అతని మోకాళ్ళ వయసు అరవై. డిగ్రీ చేతికొచ్చాక ఏదో ఒకటి దొరికేదాకా అని మొదలుపెట్టిన పని, ఏలూరులో అద్దె ఇళ్ళు చూపించడం. ఆ ఏదో ఒకటి ఇప్పటికీ దొరకలేదు. కార్డు మీద 'రెంటల్ కన్సల్టెంట్' అని అచ్చు వేయించుకున్నాడు. కార్డు చూసినవాళ్ళూ, చూడనివాళ్ళూ కూడా బ్రోకరనే పిలుస్తారు.

"పెట్టె నేను పట్టుకుంటానండి. ఏముంది అందులో?"

"నీళ్ళండి."

"తాగేవా?"

"పెదపాడులో చేపల చెరువు నీళ్ళు. దాహంగా ఉంటే ఒక సీసా ఇస్తాను."

అమ్మాయి పేరు పెర్సిస్. ఊరు తాడేపల్లిగూడెం. చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం. తెల్లవారకముందే కొల్లేటి వైపు వెళ్ళి, చేపలకు గాలి సరిపోతోందో లేదో చూసి, సీసాల్లో నీళ్ళు పట్టుకుని ల్యాబుకు తేవాలి. కాళ్ళకు రబ్బరు బూట్లు, చున్నీ చివర పాచి మరక, కళ్ళ కింద నిద్ర చాలని నలుపు. ఆ కళ్ళతోనే ఆమె తాళం తీస్తున్న జయకృష్ణ చేతివంక చూసింది. అంతే, తాళంచెవి తిరగడం మానేసింది.

"ఈ ఇల్లు మీకు తెలిసిందేనా అండి?" అంది.

"తెలిసిందేనండి. తాళమే కొత్తది."

"తుప్పు పట్టింది కదండీ."

జయకృష్ణ తాళంచెవి తిరగేసి పెట్టాడు. తలుపు తెరుచుకుంది.

ఇల్లు నచ్చలేదు. నచ్చదని జయకృష్ణకు ముందే తెలుసు. వంటగదిలో ఒక మనిషి నిలబడితే రెండో మనిషి బయట నిలబడి మాట్లాడాలి. కిందికి దిగాక పెర్సిస్ చేతిసంచి తెరిచింది.

"మీకెంతివ్వాలండి?"

"ఏం ఇవ్వక్కర్లేదండి."

"మెట్లెక్కారు కదా. పెట్టె కూడా మోశారు."

"మెట్లకి ఇవ్వరండి. ఇల్లు కుదిరితేనే. మీరు దిగి, పాలు పొంగించుకున్న రోజున సగం నెల అద్దె మీరిస్తారు. సగం నెల అద్దె ఓనరుగారిస్తారు. అప్పటిదాకా పెట్రోలు నాది, మోకాళ్ళు నావి."

"ఒకవేళ నాకు ఏ ఇల్లూ నచ్చకపోతే?"

"అప్పుడు నాకు ఊరు తిరిగినట్టండి."

"మరి నేను ఇల్లు చూసేసి, మీకు చెప్పకుండా ఓనరు దగ్గరకెళ్ళి మాట్లాడుకుంటే?"

"చేస్తారండి చాలామంది," అన్నాడు జయకృష్ణ. "ఆ తర్వాత కూరల మార్కెట్లో ఎదురైతే వంకాయలు చూస్తున్నట్టు తల తిప్పేసుకుంటారు."

పెర్సిస్ మొదటిసారి నవ్వింది. నవ్వడానికి కూడా కొంచెం ఓపిక కూడదీసుకోవలసి వచ్చినట్టుంది.

"నేను అలా చెయ్యనండి. నాకు పెద్ద ఇల్లు అక్కర్లేదు. గుమ్మం బయట ఒక పంపు ఉంటే చాలు. బూట్లు, సీసాలు అక్కడే కడుక్కుని లోపలికి వెళ్తే చెరువు వాసన ఇంట్లోకి రాదు. తెల్లవారుజామున నేను బయటికి వెళ్తుంటే ఎక్కడికని అడక్కూడదు. ఇప్పుడుంటున్న హాస్టల్లో గేటు తియ్యమంటే వార్డెనుగారికి కోపం, బూట్లు చూస్తే మిగతావాళ్ళకి కోపం. వచ్చే నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు."

"ఆలోగా దొరక్కపోతే ఏం చేస్తారండి?"

"గూడెంలో మా ల్యాబుకి చిన్న బ్రాంచి ఉంది. అక్కడికి పంపమని అడిగి వెళ్ళిపోతాను. పని నేర్చుకునేది ఇక్కడేనండి, ఇష్టం లేక కాదు. తల దాచుకోవడానికి చోటు లేకపోతే ఎలా?"

జయకృష్ణ ఐసుపెట్టెను ఆమె బండి మీద తాడుతో కట్టాడు. తాడు గట్టిగా ఉందో లేదో అవసరం లేకపోయినా ఇంకోసారి లాగి చూశాడు. వచ్చే నెలాఖరు ఎంతో దూరంలో లేదు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏలూరంతా చూశారు. అశోక్‌నగర్‌లో చూశారు, నరసింహారావుపేటలో చూశారు, తంగెళ్ళమూడిలో చూశారు. ఒక ఇంట్లో బాత్‌రూముకి తలుపు లేదు. ఒక ఇంట్లో ఓనరు సామాను సగం గది నిండా ఉంది, అది అలాగే ఉంటుందట, అద్దె మాత్రం మొత్తం గదికట. ఒక ఇంట్లో గోడంతా మేకులే. ప్రతి ఇంటి మెట్లూ అలిసిపోయినవాళ్ళ కోసం కట్టినవి కావు. దిగాక ఇద్దరూ చెరకురసం బండి దగ్గర నిలబడేవాళ్ళు. ఒకరోజు అతను డబ్బులిస్తే మర్నాడు ఆమె ఇచ్చేది. మాట్లాడే ఓపిక లేనప్పుడు మాట్లాడేవాళ్ళు కాదు. అలా ఊరికే నిలబడటం రోజు మొత్తంలో తనకు దొరికే ఒక్క సుఖమని జయకృష్ణకు తెలిసొచ్చింది.

"మీరు అల్లం వద్దని చెప్పరేంటండి? రోజూ మొహం చిట్లిస్తారు," అంది ఒకరోజు పెర్సిస్.

"అతను వేసేస్తాడండి."

"వెయ్యొద్దని అడగాలి కదా."

"అడిగితే ఏమనుకుంటాడోనని."

"బ్రోకరుగారూ, మీకు అడగడం రాదండి," అంది. నవ్వుతూనే అంది. జయకృష్ణ ఆ రాత్రి అన్నం తింటూ ఆ మాట గుర్తు తెచ్చుకున్నాడు. అప్పుడు నవ్వు రాలేదు.

బాగున్న ఇళ్ళు లేకపోలేదు. పెర్సిస్‌కు నచ్చినవీ ఉన్నాయి. చూసి వచ్చాక సాయంత్రానికి జయకృష్ణకు ఫోను వచ్చేది. ఓనర్లందరూ ఒకేలా మొదలుపెట్టేవాళ్ళు. అమ్మాయి మంచిదేనయ్యా, కానీ, అని. ఆ కానీ తర్వాత ఒకాయనకు చేపల వాసన. ఒకావిడకు తోడు లేని ఆడపిల్ల. ఇంకొకాయన ఇవేవీ అనలేదు, ఆ అమ్మాయి పేరు ఇంకోసారి చెప్పమన్నాడు. జయకృష్ణ చెప్పాడు. "వాళ్ళా," అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఈ పనిలో వద్దన్న మాటను ఉన్నదున్నట్టు మోసుకెళ్ళరు. దారిలో కాస్త మెత్తన చేసి అందిస్తారు. జయకృష్ణ పెర్సిస్‌కు ఫోను చేసి, "వాళ్ళబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చేస్తున్నాడటండి," అనేవాడు. ఇంకో ఇంటికి తమ్ముడు దిగాడు. ఇంకో ఇంటికి వియ్యాలవారు.

అశోక్‌నగర్‌లో పాండురంగారావుగారని రిటైరైన ఆఫీసరు ఇల్లు. గుమ్మం బయట పంపు ఉంది, గాలి వస్తుంది. పెర్సిస్ ఆ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు కదల్లేదు. మర్నాడు చెరకురసం బండి దగ్గర జయకృష్ణ గొంతు సవరించుకున్నాడు.

"పాండురంగారావుగారి మనవరాలికి ఇక్కడ కాలేజీలో సీటు వచ్చిందటండి."

పెర్సిస్ గ్లాసు కింద పెట్టింది.

"మొన్న కొడుకొచ్చాడు. అటు మొన్న తమ్ముడు. మధ్యలో వియ్యాలవారు. ఏలూరులో నేను ఒక ఇల్లు చూస్తే చాలు, వాళ్ళ బంధువులంతా రైలెక్కేస్తున్నారండి."

జయకృష్ణ తన గ్లాసు కూడా బండి మీద పెట్టాడు.

"గూడెంలో చదువుకున్నాను, కాకినాడలో ట్రైనింగ్ అయ్యాను, కైకలూరులో ఏడాది పనిచేశాను. అన్నిచోట్లా అద్దె ఇళ్ళేనండి. ఏ ప్రశ్న ఎప్పుడడుగుతారో నాకు తెలుసు. మీరు నా దగ్గర దాచక్కర్లేదు. వద్దన్నారని చెప్పండి, చాలు. కారణాలు కనిపెట్టడానికి మీరూ, నమ్మినట్టు కనపడటానికి నేనూ, ఇద్దరికీ ఎందుకండీ శ్రమ?"

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండుననిపించింది జయకృష్ణకు.

"వద్దన్నారండి," అన్నాడు.

"సరేనండి," అంది పెర్సిస్. గ్లాసు తీసుకుని మిగిలింది తాగేసింది.

ఇక్కడ జయకృష్ణ ఇంటి సంగతి చెప్పాలి. శనివారపుపేటలో అతనికి సొంత ఇల్లుంది. తండ్రి కట్టించింది. కింద తల్లి రాజ్యమ్మ, అతనూ ఉంటారు. పైన రెండు గదుల పోర్షను అద్దెకిస్తారు. ఆ పై పోర్షను శివరాత్రి నుంచి ఖాళీ. ఊరికంతా ఇళ్ళు చూపించేవాడి సొంత గేటుకే టులెట్ బోర్డు వేలాడుతోంది. వీధిలో అందరికీ అదొక తమాషా అయిపోయింది.

వేసవి మొదట్లో నిజంగానే ఎవరూ రాలేదు. రోహిణి వచ్చాక మాత్రం వచ్చినవాళ్ళను జయకృష్ణే తిప్పి పంపాడు. ఒకరికి నీళ్ళ ఇబ్బందన్నాడు. ఒకరికి రిపేర్లన్నాడు. తల్లి అడిగితే "ఎవరూ రావట్లేదమ్మా" అన్నాడు. ఆ పోర్షనులో ఎవరుండాలో అతని మనసులో ఒక పేరుంది. ఆ పేరు తల్లి ముందు పలకడమే మిగిలింది. రోజూ పొద్దున్న పలుకుదామనుకునేవాడు, రాజ్యమ్మ దేవుడి దగ్గర దీపం పెడుతూ కనిపించేది, కాఫీ తాగి బండి తీసేవాడు.

రాజ్యమ్మకు ఓపిక అయిపోయింది. తన కొడుకుతో అయ్యే పని కాదనుకుని, కూరల బండి దగ్గర ఎలీయాజరుగారు కనిపిస్తే ఆయనకు చెప్పేసింది. ఎలీయాజరు ఏలూరు బ్రోకర్లలో పెద్దాయన. చిన్న మాట, పెద్ద గొడుగు. జయకృష్ణకు పని నేర్పింది ఆయనే. ఆయనకు ఇల్లు అప్పగించానని రాజ్యమ్మ కొడుకుతో అనలేదు. అంటే నొచ్చుకుంటాడని.

నెలాఖరుకు ముందు వచ్చిన ఆదివారం సాయంత్రం, ఆకాశం మబ్బుపట్టింది కానీ గాలి ఆడటం లేదు. పైన ఎండబెట్టిన వడియాల చాప రెండు చేతులతో పట్టుకుని, లుంగీ మడిచి కట్టుకుని జయకృష్ణ మెట్లు దిగుతున్నాడు. గేటు చప్పుడైంది. ముందు గొడుగు వచ్చింది, దాని వెనక ఎలీయాజరు వచ్చాడు, ఆయన వెనక తెల్ల చీరలో, చేతిలో బైబిలుతో పెర్సిస్ వచ్చింది.

జయకృష్ణకు వడియాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఇక్కడ కూడా మీరే చూపిస్తారా అండి?" అంది పెర్సిస్. అప్పటికింకా ఆమెకు అర్థం కాలేదు.

"చూపించేది నేనమ్మా. ఇది అతనిల్లు," అన్నాడు ఎలీయాజరు. "చర్చిలో కనపడి ఇల్లు కావాలంటే తీసుకొచ్చాను. ఏమయ్యా జయకృష్ణా, ఈ అమ్మాయి నీకు తెలుసా?"

పెర్సిస్ గేటుకున్న బోర్డు చూసింది. ఎండకు అక్షరాలు వెలిసి ఉన్నాయి. ఎన్నాళ్ళుగా ఉందో ఆ బోర్డే చెబుతోంది. తర్వాత జయకృష్ణను చూసింది.

"తెలుసండి," అని తనే ఎలీయాజరుతో చెప్పింది. "రోహిణి కార్తంతా నన్ను ఊరు తిప్పారు. ఊళ్ళో ఉన్న మెట్లన్నీ ఎక్కించారు. ఈ మెట్లు మాత్రం మర్చిపోయినట్టున్నారు."

"పెర్సిస్‌గారూ..."

"వద్దండి. మీరు కారణం చెప్పొద్దు. నేనే చెప్పుకుంటాను. మీ తమ్ముడొస్తున్నాడు."

అతనికి తమ్ముడు లేడు. రాజ్యమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"వచ్చారా ఎలీయాజరుగారూ. ఈ అమ్మాయేనా? లోపలికి రామ్మా, ఉక్కలో పడి వచ్చావు. నీ పేరేంటి?"

"పెర్సిస్ అండి."

జయకృష్ణ చేతుల్లో చాప అలాగే ఉంది. ఇప్పుడు వస్తుంది ఆ ప్రశ్న, అనుకున్నాడు. ఊరందరి నోటా విన్నదే, ఇప్పుడు తల్లి నోట వినాలి. వినకముందే ఏదో ఒకటి అనేయాలని నోరు తెరిచాడు.

"అమ్మా, ఆవిడకి పోర్షను చిన్నదవుతుందేమో..."

"నేను పెర్సిస్‌తో మాట్లాడుతున్నానురా," అంది రాజ్యమ్మ. "నువ్వు వడియాలు లోపల పెట్టు. అమ్మాయ్, ఎన్నాళ్ళుంటావు?"

"ఏంటండి?"

"ఎన్నాళ్ళుంటావని. ఏడాది తిరక్కుండా ఖాళీ చేస్తున్నారమ్మా అందరూ. వచ్చినవాళ్ళు గోడకి మేకులు కొడతారు, వెళ్ళేటప్పుడు మేకులు పీక్కుని వెళ్తారు. కొత్తవాళ్ళొచ్చినప్పుడల్లా సున్నం, కమీషను, మళ్ళీ వాళ్ళకి మనం అలవాటు పడటం. నాకు ఓపిక లేదు. ఉండేదానివైతే చెప్పు."

పెర్సిస్ ఇలాంటి ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. అందుకని అడగనివి కూడా చెప్పేసింది. "మేం క్రిస్టియన్లమండి. నేను చేపలు వండుకుంటాను. చెరువుల దగ్గర పని, తెల్లవారకముందు వెళ్ళాలి, వచ్చేటప్పుడు ఒంటిమీద వాసన ఉంటుంది. నేనొక్కదాన్నే ఉంటాను. ఇవన్నీ తెలిశాక వద్దంటే ఇప్పుడే అనెయ్యండి. నేనేం అనుకోను."

రాజ్యమ్మ ఆమె చేతిలోని బైబిలు చూసింది. వెంటనే ఒప్పేసుకోలేదు, ఆ మాట దాచకూడదు.

"కార్తీకమాసంలో మాత్రం కిటికీ వేసుకుని వండుకో అమ్మా," అంది చివరికి. "మిగతా రోజుల్లో నీ ఇష్టం. ముందు పైకెళ్ళి చూడు. బయట పంపు ఒకటి వేయించాడు మావాడు, ఎందుకో మరి. పైన బాత్‌రూము ఉండగా గుమ్మం బయట పంపేంటిరా అంటే మాట్లాడడు."

పెర్సిస్ తల తిప్పి జయకృష్ణను చూసింది. అతను వడియాల వంక చూస్తున్నాడు.

ఆమె మెట్లెక్కింది. పైన గుమ్మం పక్కన కొత్త పంపు. దాని కింద సిమెంటు తొట్టి, నీళ్ళు పోవడానికి గొట్టం. తొట్టి పక్కన గోడకు ఒక చెక్క బల్ల కొట్టి ఉంది. ఐసుపెట్టె సరిగ్గా పట్టేంత బల్ల. దాని కింద బూట్లు తిరగేసి ఆరబెట్టుకోవడానికి రెండు కర్రలు. పెర్సిస్ పంపు తిప్పింది. నీళ్ళు వచ్చాయి. కట్టేసింది. బైబిలు ఆ బల్ల మీద పెట్టి మెట్టు మీద కూర్చుండిపోయింది.

జయకృష్ణ పైకి వచ్చి నాలుగు మెట్ల కింద ఆగాడు.

"మీరు పోట్లాడాలనుకుంటే పోట్లాడండి," అన్నాడు.

"నాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదండి. మూడింటికి లేచాను. ఇది ఎప్పుడు వేయించారు?"

"మీరు పవర్‌పేటలో పంపు గురించి చెప్పిన వారం."

"మరి చెప్పలేదే?"

జయకృష్ణ గోడకు చేయి ఆనించాడు. "అమ్మను అడగాలి కదండీ ముందు. అడిగితే వద్దంటుందేమోనని. ఊళ్ళో ఓనర్లందరి తరపునా మీకు అబద్ధం చెప్పాను. మా అమ్మ తరపున కూడా చెప్పాల్సొస్తే మళ్ళీ మీ మొహం చూడలేననిపించింది. అడక్కపోతే వద్దనేవాళ్ళే ఉండరు కదా అని, ఖాళీగా పెట్టాను."

"ఇంకెవరికీ ఇవ్వకుండా."

"ఇవ్వలేదండి."

"ఇల్లు ఖాళీగా పెట్టి, నాకు చెప్పకుండా, మీ అమ్మగారిని అడక్కుండా. అలా పెడితే నాకు ఇల్లెలా దొరుకుతుందండి? నెలాఖరుకి నేను గూడెం వెళ్ళిపోతే ఆ పంపు ఏం చేద్దురు?"

"తెలీదండి. రోజూ తిప్పి చూసుకునేవాణ్ణేమో."

నవ్వకూడదని గట్టిగా అనుకుని పెర్సిస్ మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత ఇటు తిరిగినప్పుడు ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"మీ అమ్మగారు అడగని ప్రశ్నని మీరు ఆవిడ నోట్లో పెట్టేశారండి. అందరూ నన్ను చూసి వద్దన్నారు. మీరు ఆవిణ్ణి అడక్కుండానే ఆవిడ తరపున వద్దనేశారు. నాకది బాధగా ఉంది."

"తప్పే," అన్నాడు జయకృష్ణ. "మీరంటే నాకు ఇష్టమండి. అందుకే భయం. ఇష్టం లేకపోతే మొదటి రోజే చూపించేద్దును."

దూరంగా ఎక్కడో ఉరిమింది. వేడిమట్టి మీద మొదటి చినుకులు పడి వాసన లేచింది. కింద రాజ్యమ్మ మడత మంచం లోపలికి తీయమని కొడుకును పిలుస్తోంది. అతను కదల్లేదు. ఆమె కూడా లేవలేదు. ఇద్దరి మధ్యా ఉన్న నాలుగు మెట్ల మీద వాన పడుతోంది.

"అద్దెకి దిగుతానండి," అంది పెర్సిస్. "పంపు చూసి కాదు. మీ అమ్మగారు అడిగిన తీరు నచ్చింది. ఇంకా మిగిలింది మీ ఇష్టం, మీకు ఎప్పుడు అడగడం వస్తే అప్పుడు. నన్ను కాదు. ముందు ఆవిణ్ణి."

నెల మొదటి రోజున వాన ఆగకుండా పడుతుండగా పెర్సిస్ సామాను దిగింది. ఎలీయాజరు గొడుగు గుమ్మంలో ఆరబెట్టి, పై గదిలో నిలబడి చిన్న ప్రార్థన చేశాడు. రాజ్యమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఒక పక్కగా నిలబడి విన్నది. తర్వాత తనే గిన్నె తెచ్చి స్టవ్వు మీద పెట్టింది. పాలు పొంగాయి. పెర్సిస్ అందరికీ గ్లాసుల్లో పోసింది. ఆ పొద్దున కూడా ఆమె చెరువుకు వెళ్ళే వచ్చింది. గ్లాసు అందిస్తూ ఆవులింత ఆపుకుంది.

ఇక కమీషను వేళ అయింది. జయకృష్ణ జేబులోంచి కవరు తీసి ఎలీయాజరు చేతికిచ్చాడు.

"ఇదేంటయ్యా, లావుగా ఉంది?"

"రెండు తరపులదీ అండి. ఓనరు సగం, అద్దెకొచ్చినవాళ్ళ సగం."

"నా సగం నేనిస్తానండి," అని పెర్సిస్ సంచిలోంచి తన కవరు తీసింది. "ఇప్పటికి నేను అద్దెకే వచ్చాను. ఎవరూ ఊరికే ఉండనివ్వక్కర్లేదు."

ఎలీయాజరు రెండు కవర్లూ రెండు చేతుల్లో పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎన్నో జంటలకు ఇళ్ళు చూపించినవాడు. ఏ జంట ఎన్నాళ్ళుంటుందో మెట్లెక్కే తీరు చూసి చెప్పగలడు. పెర్సిస్ ఇచ్చిన కవరు జేబులో పెట్టుకున్నాడు. జయకృష్ణ ఇచ్చినది తిరిగి అతని చొక్కాజేబులోకి దోపాడు.

"ఓనరు తరపుది ఇప్పుడొద్దులేవయ్యా. మళ్ళీ బేరం వచ్చినప్పుడు కలిపి తీసుకుంటాను. రాజ్యమ్మగారూ, ఈ పోర్షను త్వరలోనే మళ్ళీ ఖాళీ అవుతుంది. అప్పుడు ఇంకే బ్రోకరుకీ చెప్పకండి, నాకే చెప్పాలి."

రాజ్యమ్మ మొహం మాడిపోయింది. "అదేం మాటండీ పాలు పొంగించిన పూట? ఉండేదానివైతేనే రమ్మన్నాను కదా ఈ అమ్మాయిని."

"ఉంటుందండి," అన్నాడు ఎలీయాజరు. "కింద."

 పెర్సిస్ తన గ్లాసులోకి చూస్తూ నిలబడింది. రాజ్యమ్మ మెల్లగా కొడుకు వైపు తిరిగింది. గుమ్మం బయటున్న పంపును చూసింది, మళ్ళీ కొడుకును చూసింది. ఎందుకు వేయించావురా అంటే మాట్లాడని సంగతి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది.

జయకృష్ణ చేతిలోని పాల గ్లాసు గట్టు మీద పెట్టాడు. 

"అమ్మా," అన్నాడు. "నిన్నొకటి అడగాలి."

"అడుగు."

"ఈ అమ్మాయిని నేను పెళ్ళి చేసుకుంటాను. నీకు ఇష్టమేనా?"

రాజ్యమ్మ స్టవ్వు వైపు తిరిగింది. గిన్నె జరిపి, పక్కనే ఉన్న గుడ్డతో పొంగిన పాలు తుడిచింది. ఒకసారి తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. భర్త పోయిన తర్వాత ఆ ఇంట్లో పెద్ద మాట ఏదైనా ఆవిడ ఒక్కతే అనుకోవాలి, ఒక్కతే అనాలి. అది కూడా అలుపే.

"ఇది అడగడానికి రోహిణి కార్తంతా పట్టిందా నీకు?" అంది చివరికి. "ఆ పిల్లని ఎండలో ఊరంతా తిప్పి?"

తర్వాత పెర్సిస్ దగ్గరకు వచ్చి, చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంది.

"నిలబడే నిద్రపోతున్నావమ్మా. సామాను వాడు సర్దుతాడు. నువ్వు కిందికొచ్చి పడుకో."